పానగోష్ఠిలో అయ్యవారు

ఈ సంగతి వ్రాయవచ్చునా, కూడదా అని నెలరోజులుగా తర్జనభర్జన పడుతున్నాను. ముప్పైమూడేళ్ళు తెలుగు పండితుడిగా పిల్లలచేత శతకపద్యాలు వల్లెవేయించినవాడు, పాతబడిన ద్రాక్షమద్యం చుట్టూ కూర్చున్న గోష్ఠిలో తానూ ఒకడుగా కూర్చుని వచ్చానని చెప్పుకొంటే వినేవారికి ఎట్లా ఉంటుంది? నా శ్రీమతి ఐతే విమానం దిగకముందే "ఆ ముచ్చట మన ఊళ్ళో ఎత్తకండి" అని కట్టడి చేసింది. ఐనా వ్రాస్తున్నాను. ఆ సాయంత్రం నాకొక అభిప్రాయం ఏర్పడింది. అంతకు చాలా ముందునుంచే నాలో ఉన్న మరొక అభిప్రాయంతో అది ఇంతవరకు రాజీపడలేదు. రెంటినీ ఒకచోట పెట్టి చూసుకొందామని ఈ ప్రయత్నం.

నిరుడు అక్టోబరులో మేమిద్దరం కాలిఫోర్నియాలోని కుపర్టినోలో మా అమ్మాయి ఇంట ఉన్నాం. ఊరికి పడమట కొండలు. వంకరటింకర దారిన పైకి పోతే, రెండువేల అడుగుల ఎత్తున మాంటెబెల్లో అనే పాత ద్రాక్షతోట వస్తుంది. 1959లో ఆ తోట కొన్నవారు రైతులు కారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉద్యోగాలు చేసే నలుగురు స్నేహితులు. శని ఆదివారాలలో పెళ్ళాంపిల్లలతో వెళ్ళి తోటపని చేసుకొని, పండిన ద్రాక్షను తమకోసం పులియబెట్టుకొన్నారు. రుచి కుదిరిందని తోచి 1962 నాటికి రిడ్జ్ అనే పేరుతో అమ్మకానికి దిగారు. (1986 నుంచి అది జపానువారి ఒత్సుకా కంపెనీ చేతిలో ఉంది.) కనుక, ఆ కొండ దిగువన కంప్యూటర్ల ముందు కూర్చునే మన పిల్లలు నెలకొక సాయంత్రం చేరి ద్రాక్షమద్యాలు రుచిచూస్తారని విన్నప్పుడు నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. ఆ కొండకు ఆ అలవాటు ముందే ఉన్నది.

ఆరుగురు వచ్చారు. మా అల్లుడుగారు, ఒంగోలువైపు అబ్బాయి, వరంగల్లు అబ్బాయి, అతని భార్య, ఒక తమిళ యువకుడు, పొరుగింటి అమెరికన్ పెద్దమనిషి. ఇటువంటి కూడికకు అమరసింహుడు పానగోష్ఠిక అని చక్కని మాట ఇచ్చాడు. త్రాగే పాత్ర చషకం. మధ్యమధ్య నమలడానికి పెట్టేది అవదంశం. చదువుకొనే రోజుల్లో శూద్రవర్గం వల్లెవేస్తూ ఈ మాటలు నాకెప్పటికి పనికివస్తాయిలే అనుకొనేవాణ్ణి. తీరా పనికివచ్చిన రోజున ఎవరికి చెప్పినా అర్థంకాని దేశంలో ఉన్నాను.

గోష్ఠికి ముందు చిన్న గృహకలహం జరిగింది. ఆ రోజు మధ్యాహ్నంనుంచి ఇంట్లో పోపు వేయకూడదని, అగరువత్తి వెలిగించకూడదని అల్లుడుగారు ఎంతో వినయంగా విన్నవించుకొన్నారు. వాసన వాసనను చంపుతుందట. "పోపు వెయ్యని ఇల్లు ఇల్లేనా" అని నా శ్రీమతి నా చెవిలో అన్నమాట వారికి వినబడనే వినబడింది. చివరకు పెరుగన్నంతో సరిపెట్టుకొన్నాం. అదికూడా తిరగమోత లేకుండా!

నాకు నచ్చినది వారి పద్ధతి. నాలుగు సీసాలకు కాగితాలు చుట్టి, మెడవరకు కప్పి, అంకెలు వేశారు. ఈ పని మా అమ్మాయి చేసింది. ఏ అంకె వెనుక ఏ సీసా ఉన్నదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ముందుగా ఎవరూ నోరెత్తకూడదు. రంగు చూడాలి, వాసన చూడాలి, ఒక గుక్క నోట పుచ్చుకొని పుక్కిలించాలి, తోచినది కాగితంమీద వ్రాసుకోవాలి. అందరూ వ్రాశాకే మాట. అరగంటసేపు ఆ గదిలో కలాల చప్పుడు తప్ప మరొకటి లేదు. పరీక్షగదిలో ఇన్నేళ్ళు తిరిగినవాణ్ణి, ఇంత నిజాయితీగా ఎవడూ పక్కవాడి కాగితంలోకి తొంగిచూడని పరీక్షను నేను చూడలేదు. మన సాహిత్యసభల్లో పుస్తకం విప్పకముందే అధ్యక్షులవారు కవిని ఆకాశానికెత్తేస్తారు. ఆపైన మాట్లాడవలసిన పదిమందికీ దారి మూసుకుపోతుంది. ఇక్కడ సీసాకు కట్టిన ముసుగువల్ల ఆ ప్రమాదం తప్పింది.

పాతదాన్ని పోయడం కూడా ఒక పనితనమే. ముందురోజునుంచి సీసాను నిలబెట్టి ఉంచారు. ఏళ్ళతరబడి పడుకోబెట్టిన సీసాలో పేరుకొన్న మడ్డి అడుగుకు దిగాలట. బిరడా నానిన బెల్లంముక్కలా విరిగిపోయింది. అల్లుడుగారు సీసా మెడకింద చిన్న దీపం పెట్టుకొని, మడ్డి మెడదాకా వచ్చేవరకు కదలకుండా వేరొక గాజుకూజాలోకి వంచారు. ఊపిరి బిగబట్టి చేసిన ఆ పని చూస్తే, మా అమ్మ నెయ్యి వడబోసినట్లే అనిపించింది.

ఆ మడ్డి ఏమిటని అడిగాను. "టానిన్లు మామయ్యగారూ" అన్నారు. ద్రాక్ష తొక్కనుంచి, గింజనుంచి వచ్చే పదార్థమట. కొత్త మద్యంలో అది నోటిలోని ఉమ్మిని పట్టి నాలుకను ఎండగట్టేస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది తనలోతాను, రంగుతోను ముడిపడి అడుగుకు దిగుతుంది. ఊదారంగు ఇటుకరంగుకు తిరుగుతుంది. నోటికి మెత్తన వస్తుంది. అందరికీ ఆ పదం తెలుసు. నోటిలో కలిగే ఆ అనుభవానికి మాత్రం "పొడిగా ఉండటం", "పట్టేయడం" అంటూ తడుముకొంటున్నారు. నేనన్నాను, "బాబూ, అది వగరు కదా!" ఒక్క క్షణం నిశ్శబ్దం. పచ్చి అరటికాయ చెక్కు, లేత వక్క, నేరేడుపండు తిన్నాక నాలుక, ఉగాదిపచ్చడిలో మామిడిపిందె. షడ్రుచుల్లో ఒకటిగా మనం పుట్టినప్పటినుంచి నాలుకమీద పెట్టుకొన్నదాన్ని ఈ పిల్లలు ఇంగ్లీషు పుస్తకంలో వెతుక్కొంటున్నారు. తమిళ అబ్బాయి "తువర్పు" అన్నాడు సంతోషంగా. వారి భాషలోనూ ఉన్నది. అమెరికన్ పెద్దమనిషి మాత్రం వగరు అనే మాటను రెండుమూడుసార్లు పలికి, తన కాగితంమీద తనకు వచ్చినట్లు వ్రాసుకొన్నాడు.

(ఇంకొకటి తోచింది. మన ఆలంకారికులు సులభంగా రసమందించే కవిత్వాన్ని ద్రాక్షాపాకం అన్నారు. వారు లోపలి రసాన్ని మాత్రమే చూశారు. రంగు, వగరు, ముప్పైయేళ్ళు నిలిచే శక్తి, అన్నీ తొక్కలోను గింజలోను ఉన్నాయి. ఎవరైనా ఈ కోణంనుంచి పాకనిరూపణ చేస్తే చదవాలని ఉంది.)

కాగితాలు చదువుకొన్నప్పుడు మరొక వింత. సగంమంది "బ్లాక్ కరెంట్" అని వ్రాశారు. ఆ పండును మీలో ఎవరైనా చెట్టున కోసుకొని తిన్నారా అంటే ఎవరూ లేరు. అమెరికన్ పెద్దమనిషి కూడా తలూపాడు. పైన్ చెట్లకు తెగులు తెస్తుందని 1911లో ఆ దేశమంతటా ఆ మొక్కను నిషేధించారట. 1966లో ఆ సంగతి రాష్ట్రాల ఇష్టానికి వదిలారట. ఎరుగని పండు వాసనతో ఎరగబోయే రుచిని వర్ణించడం నాకు విడ్డూరంగా తోచింది. ఇంతలో ఒంగోలు అబ్బాయి రెండో అంకె గ్లాసు ముక్కుదగ్గర పెట్టుకొని, "మాస్టారూ, ఇది మా నాన్న పొగాకు బ్యారన్ తలుపు తీసినప్పటి వాసనండీ" అన్నాడు. అతని కాగితంమీద ఆ మాట లేదు. ఇంగ్లీషులో వ్రాయడానికి సిగ్గుపడ్డాడేమో! ఆ రాత్రి నేను విన్న వర్ణనల్లో అదే నికార్సైనది.

వరంగల్లు అబ్బాయి అప్పటిదాకా ఎక్కువ మాట్లాడలేదు. "మా తాత గీతకార్మికుడు సార్. రేకల ఒక్క బుక్క పట్టంగనే ఏ చెట్టు కల్లో చెప్పేటోడు. లొట్టి మీద పేరేమన్న రాసుంటదా?" అన్నాడు. అతని భార్య అతనివైపు చూసింది, ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదే అన్నట్లు. ఫ్రెంచివారు నేలను, ఎండను, వాలును కలిపి ఒక మాటగా చెప్పి దాన్ని శాస్త్రంగా నిలబెట్టారు. కౌటిల్యుడు కూడా ద్రాక్షరసపు మద్యానికి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు చెప్పి, పుట్టిన దేశమే వాటి పేరుకు వివరణ అన్నాడు. కాపిశాయన శబ్దానికి పాణిని సూత్రమే చేశాడు. ఆ గీతకార్మికుడు వీరెవరినీ చదవలేదు. ఐతేనేం, చెట్టు తెలుసు.

తరువాత ముసుగులు తీశారు. నాలుగింటిలో మూడు పాతవి. బోర్డోనుంచి వచ్చినది ఒకటి, నాపాలోయది ఒకటి, ఎదురుగా కనబడే కొండమీది మాంటెబెల్లో ఒకటి. నాలుగోది మా అమ్మాయి అల్లరి: కిరాణా అంగడిలో పదిహేను డాలర్లకు కొన్న మామూలు సీసా. ఇద్దరు దాన్ని మొదటిస్థానంలో పెట్టారు. ఆ ఇద్దరిలో ఒకరు మా అల్లుడుగారు. మాంటెబెల్లోకు మొత్తంమీద మూడోస్థానం దక్కింది.

నేను చూడదలచినది ఇదే. నవ్వులు సద్దుమణిగాక గొంతులు మారాయి. పేరు బయటపడిన గ్లాసును మళ్ళీ చేతికి తీసుకొని, "ఇప్పుడు విచ్చుకొంటోంది" అన్నారొకరు. "అవును, ఇందాక దేవదారు వాసన అందలేదు" అన్నారు ఇంకొకరు. విచ్చుకోవడం అబద్ధమని అనను. గాలి తగిలితే మారుతుందని నా ముక్కుకే తెలిసింది. కాని పదిహేను డాలర్లది ఎందుకో ఎవరికీ విచ్చుకోలేదు. వారిని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. 1976 మే 24న పారిస్‌లో జరిగిన పరీక్షలో, నిపుణులనిపించుకొన్న ఫ్రెంచివారే తొమ్మిదిమంది ముసుగుసీసాలను రుచిచూసి, తెలుపులో కాలిఫోర్నియావారి షాతో మాంటెలీనాకు, ఎరుపులో స్టాగ్స్‌లీప్‌కు పట్టం కట్టారు. ఫలితం చెప్పాక ఒక న్యాయనిర్ణేత తన మార్కుల కాగితం వెనక్కి ఇమ్మని పట్టుబట్టిందట. కాలిఫోర్నియా ద్రాక్ష పాతబడితే నిలవదు, ఆగి చూడండి అని ఫ్రాన్సులో కొందరన్నారు. ముప్పైయేళ్ళు ఆగి 2006లో అవే ఎర్రమద్యాలను మళ్ళీ రుచిచూస్తే మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే. అన్నింటికంటె పైన నిలిచినది 1971 నాటి మాంటెబెల్లో. మొదటిసారి దానిది ఐదోస్థానం.

కాబట్టి నా మొదటి అభిప్రాయం ఇది: ముసుగు వేసి రుచిచూడటం మంచి చదువు. రుచి అనేది పుట్టుకతో వచ్చే అధికారం కాదని, సాధనవల్ల వచ్చే ఇంద్రియశిక్షణ అని, అందులో పొరబాటు పడటం తప్పుకాదని అది నేర్పుతుంది. ముసుగు తీశాక జరిగేది మాత్రం చదువు కాదు, పేరంటం.

ఇక రెండో అభిప్రాయం. మాంటెబెల్లో సీసామీద సంవత్సరం చూశాను. 1992.

ఆ సంవత్సరం నేను నెల్లూరు జిల్లాలో ఒక మెట్టప్రాంతపు పల్లెలో పనిచేస్తున్నాను. పగలు బడి; రాత్రి అక్షరదీపం తరగతి. పొలంపనులు ముగించుకొని ఇరవైమంది ఆడవాళ్ళు లాంతరు వెలుగులో కూర్చునేవారు. వాచకాల్లో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుబోతు భర్తల పల్లెలో ఆడవాళ్ళు ఏకమై సారాను అడ్డుకొన్న కథ. మా పల్లెకు కొంత దూరానే ఉన్న దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారన్న వార్త వచ్చాక ఆ పాఠం పాఠంగా ఆగలేదు. ఆ ఏడు నెల్లూరులో సారా వేలంపాటలు మళ్ళీమళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. 1997లో అది వెళ్ళిపోయింది. ఆ కథ తెలిసినదే.

నాకు గుర్తున్నది ఒక రాత్రి. ఊరి మగవాళ్ళచేత ప్రమాణం చేయించాలని తీర్మానించారు. అందులో ఒకామె నావైపు తిరిగి "ముందు మీరు మాటియ్యండయ్యోరా" అంది. నేను సారా ముట్టేవాణ్ణి కాదు. ఖర్చులేని ప్రమాణం. చేతిలో చెయ్యివేసి, మత్తు పదార్థమేదీ నోటబెట్టనని మాట ఇచ్చాను. దానికి వెల కట్టవలసిన రోజు ముప్పైయేళ్ళు దాటాక కుపర్టినోలో వస్తుందని ఊహించలేదు. నిజం చెప్పాలి కదా, ఆ సాయంత్రం నాకు రుచిచూడాలని గట్టిగానే అనిపించింది. ఆ శరత్తులో, మా వేలంపాటల రోజుల్లో, ఇక్కడ ఈ కొండమీద కోసిన ద్రాక్ష అది. ఒక్క గుక్క. పుక్కిలించి ఉమ్మేయవచ్చు కూడా.

తాగలేదు. వాసన మాత్రం చూశాను. అమరంలో మద్యానికి గంధోత్తమ అని ఒక పేరు. ఆ మాటకు అర్థం చెప్పాను ఎన్నోసార్లు. అనుభవం ఆనాడే కలిగింది. నేరేడు, పాతపెట్టెలోని కర్ర, తొలకరి మట్టి, ఆ ఒంగోలు అబ్బాయి పొగాకు. గ్లాసు దించాలనిపించలేదు. దించిన మరుక్షణం ఆ రాత్రి తరగతిలోని ఆమె గుర్తుకు వచ్చింది. గుమ్మంలోంచి సారా వాసన వచ్చిందంటే పిల్లల్ని వెనకవాకిలినుంచి పక్కింటికి తోలేసేదాన్నని చెప్పింది ఒకసారి. ఆ వాసన ఆమెకు మొగుడి చెయ్యి లేవబోతోందన్న కబురు. ఆ చెయ్యి పడ్డాక గాని నేను ఆ వాసన ఎరిగే అవకాశం నాకు లేదు. నా ఇంట ఆ భయం లేదు కనుక.

గోష్ఠిలో ఒకరు, ఎవరో చెప్పను, "మాస్టారూ, దీన్ని మద్యం అనకండి, ఇదొక కళ" అన్నారు. అక్కడ నేను ఒప్పుకోలేదు. కళ కావచ్చు, మద్యం కాకుండా పోదు. సీసామీద శాతం వాళ్ళే అచ్చువేశారు. చరకుడు ఎనభైనాలుగు ఆసవాలను లెక్కగట్టి, కొత్తమద్యం బరువుచేస్తుంది, పాతబడినది తేలికై జఠరాగ్నిని పెంచుతుంది అన్నాడు. రఘువు సైనికులు పారసీకుల ద్రాక్షతోటల్లో చర్మాలు పరచుకొని తాగి అలసట తీర్చుకొన్నారని కాళిదాసు వ్రాశాడు. ఐనా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, మద్యం ఎంత తక్కువ తాగినా క్షేమమని చెప్పలేమని తేల్చింది. ప్రాచీనులు పొగిడారని నేటి వైద్యాన్ని కాదనలేను. పేరు మార్చినంతమాత్రాన వస్తువు మారదని మన రాష్ట్రంలో ఒకసారి చూశాం కూడా. ఎనభైలలో ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ పొట్లాల్లో పల్లెపల్లెకు చేర్చిన పథకానికి వారుణివాహిని అని పేరు పెట్టారు! పాలకడలిలో పుట్టిన వరుణుడి కూతురు కూలివాడి చొక్కాజేబులో పొట్లమై కూర్చుంది. ఆ పేరు పెట్టినది నావంటి పండితుడే అయివుంటాడని తలచుకొన్నప్పుడల్లా సిగ్గు కలుగుతుంది.

ఇంకొక సంగతిలో మాత్రం నేను ఆ పిల్లల పక్షమే. పొట్లం కొరికి గొంతులో పోసుకొన్నవాడికి రుచి అక్కరలేదు. ఒళ్ళునొప్పి మరుపుకు రావాలి, అంతే. నాలుకను దాటించి పోయడానికే ఆ సరుకు తయారైంది. రుచిచూసేవాడికి తీరిక కావాలి, కడుపులో అన్నం ఉండాలి, మర్నాడు పని ఉంటుందన్న ధైర్యం ఉండాలి. అవి ఉన్నవాడు గ్లాసు తిప్పితే సంస్కృతి, లేనివాడు తాగితే దురలవాటు అని మనం అంటున్నాం. ఆ అనడంలోని అన్యాయమే నాకు కుదుటపడలేదు. వరంగల్లు తాతగారి రేకకు ఎవరూ శాతాలు కట్టలేదు, మార్కులు వేయలేదు.

ఉమ్మడం సంగతి చెప్పాలి. బల్లమధ్య అందుకోసం ఒక వెండిరంగు బక్కెట్టు పెట్టారు. నిజంగా రుచికోసమే ఐతే మింగనక్కరలేదు కదా. దాన్ని శ్రద్ధగా వాడినవాడు అమెరికన్ పెద్దమనిషి ఒక్కడే. మనవాళ్ళకు నలుగురిలో ఉమ్మడం ఎంగిలి. పైగా అంత ఖరీదైనదాన్ని! (వెల అడగవద్దని అమ్మాయి ముందే కళ్ళతో హెచ్చరించింది.) మూడోగంట వచ్చేసరికి కాగితాలు పక్కకు పోయాయి, గొంతులు పెరిగాయి. అది నేను చూడకుండా ఉండలేను. మొదటి అరగంటలోని ఆ పరీక్షగది నిశ్శబ్దం నాకు ప్రియమైనది. మూడోగంటలోని కేరింత నాకు తెలిసినదే, పల్లెలో విన్నదే. రెండింటిమధ్య ఒక గోడ ఉన్నదని నన్ను నమ్మించబోతే నమ్మను. ఒక బక్కెట్టు మాత్రమే ఉన్నది.

నాకు మాట పుచ్చుకొన్న ఆమె ఇప్పటికీ సంక్రాంతికి ఫోను చేస్తుంది. ఈసారి చేసినప్పుడు, దాచడం ఇష్టంలేక, జరిగినది చెప్పాను.

"తాగలేదు గదా అయ్యోరా?"

"లేదమ్మా. వాసన చూశానంతే."

ఘ్రాణం అర్ధభోజనమన్న సంగతి ఆమెకు చెప్పలేదు.

"అదెందుకు చూడాల్సొచ్చింది?" అంది.

నేను మాట వెతుక్కొంటుండగానే ఫోను మనవరాలి చేతికి ఇచ్చింది. ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం. సంస్కృతం పేపరులో మార్కులు ఎట్లా తెచ్చుకోవాలో అడిగింది. పావుగంటసేపు ఆ సంగతే మాట్లాడుకొన్నాం.